మొదటి సెమిస్టర్ ఎలా గడిచిందో తెలియాలంటే ఐదో యూనిట్ తెరిచి చూడండి

అడిగిన ప్రశ్న ఇది: "సార్, మాది సోంపేట దగ్గర పల్లె. విజయనగరంలో హాస్టల్లో ఉండి బీటెక్ సీఎస్‌ఈ చదువుతున్నాను. ఫస్ట్ సెమ్ రిజల్ట్స్ వచ్చాయి. సీ ప్రోగ్రామింగ్, ఇంగ్లీషు మంచి గ్రేడ్లు. కెమిస్ట్రీ, బేసిక్ సివిల్ అండ్ మెకానికల్ గట్టెక్కాయి. మ్యాథ్స్ పోయింది. ఇంటర్లో మ్యాథ్స్‌కి మంచి మార్కులే వచ్చేవి. కోడింగ్ తప్ప మిగతావన్నీ దండగ అని సీనియర్లు అంటున్నారు, విశాఖలో శని, ఆదివారాలు పైథాన్ కోర్సులో చేరమంటున్నారు. ఈ ఆరు నెలల్లో నేను అసలు ఏం నేర్చుకున్నట్టు?"

అమ్మా, ఈ వైపు ఇంజనీరింగ్ కాలేజీల్లో చాలా ఏళ్లుగా మొదటి ఏడాది పిల్లలకి మ్యాథ్స్ చెబుతున్నాను. మీది ఆర్23, అంటే 2023లో మొదలైన సిలబస్ అనుకుని రాస్తున్నాను.

ముందు ఒక పని చెయ్యి. గ్రేడ్ల కాగితం పక్కన పెట్టి, ఐదు సబ్జెక్టుల సిలబస్ ముందేసుకో. ఒక్కోదాంట్లో నాలుగో యూనిట్, ఐదో యూనిట్ మాత్రమే చూడు. నోట్సు తెరవకుండా తెల్లకాగితం మీద ఏది చెయ్యగలవో దానికి టిక్ పెట్టు. మ్యాథ్స్ మాట అటుంచు, మంచి గ్రేడు వచ్చిన సీలో కూడా టిక్కులు పెద్దగా పడవని నా అంచనా. ఫస్ట్ సెమ్ గ్రేడు చాలామందికి మొదటి మూడు యూనిట్ల మీద వచ్చేదే. కానీ ఇప్పుడు నీకు నడుస్తున్న సెకండ్ సెమ్ ఆధారపడేది చివరి రెండు యూనిట్ల మీద.

చివరి యూనిట్లు ఎందుకు జారిపోతాయో చెబుతాను, ఎందుకంటే ఇందులో నీ తప్పు కొంతే. క్లాసులు మొదలయ్యేసరికి కౌన్సెలింగ్ పూర్తి కాదు. మొదటి విడతలో వచ్చినవాళ్లకి మ్యాట్రిక్స్ ర్యాంకు చెప్పేశాక రెండో విడత పిల్లలు, ఆ తర్వాత స్పాట్ అడ్మిషన్ల పిల్లలు వస్తారు. వాళ్ల కోసం మొదటి యూనిట్ మళ్లీ చెప్పాలి. ఈలోగా దసరా సెలవులు. దసరా తర్వాత మంగళవారం పైడితల్లమ్మ సిరిమానోత్సవం, ఆ రోజు విజయనగరంలో క్లాసు పెట్టినా ఎవరూ రారు, పెట్టకూడదు కూడా. పైగా అక్టోబరు మనకి తుఫాన్ల నెల. 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ రెండూ అక్టోబరులోనే వచ్చాయి. తిత్లీ సంగతి సోంపేటవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. ఇవన్నీ పోగా డిసెంబరులో సార్లు "సిలబస్ కంప్లీట్ చెయ్యాలి" అని పరుగు అందుకుంటారు. ఐదో యూనిట్ నాలుగైదు క్లాసుల్లో ముగుస్తుంది.

దీనికి తోడు ఇంటర్నల్ మార్కుల లెక్క ఒకటుంది. సెమిస్టర్ మధ్యలో పెట్టే రెండు మిడ్ పరీక్షల్లో ఎక్కువ వచ్చినదానికి 80 శాతం, తక్కువ వచ్చినదానికి 20 శాతం వెయిటేజీ. ఉదాహరణకి మొదటి మిడ్‌లో 30కి 28 వచ్చాయనుకో. రెండో మిడ్‌లో 10 వస్తే మొత్తం 24.4. అదే కష్టపడి 20 తెచ్చుకుంటే 26.4. పది మార్కుల కష్టానికి దక్కేది రెండు మార్కులు! ఈ లెక్క పిల్లలకి వారంలో అర్థమైపోతుంది. రెండో మిడ్ అంటే సిలబస్‌లో రెండో సగం కాబట్టి, ఆ సగాన్ని ఎవరూ పట్టించుకోరు. మొదటి మిడ్‌లో బాగా చేసినవాళ్లే ఇందులో ఎక్కువగా పడతారు.

ఇక సబ్జెక్టుల్లోకి వద్దాం. సీతో మొదలుపెడతాను, ఎందుకంటే నువ్వు బాగా వచ్చనుకుంటున్నది అదే.

ఒక చిన్న పరీక్ష. రెండు నంబర్లను తారుమారు చేసే ఫంక్షన్ రాయి. మెయిన్‌లో ఏ విలువ 5, బీ విలువ 8. ఫంక్షన్‌కి ఏ, బీ ఇచ్చి, లోపల మూడో వేరియబుల్ సాయంతో వాటిని మార్చి, వెనక్కి వచ్చి ప్రింట్ చెయ్యి. తెర మీద మళ్లీ 5, 8 అనే వస్తుంది. ఫంక్షన్‌కి వెళ్లింది ఏ, బీల నకళ్లు. నకళ్లు మారాయి, అసలువి అలాగే ఉన్నాయి. అసలువి మారాలంటే విలువలు కాదు, అవి మెమరీలో ఎక్కడ ఉన్నాయో ఆ అడ్రసులు పంపాలి. పాయింటర్ అంటే ఆ అడ్రసు దాచుకునే వేరియబుల్, అంతకు మించి ఏమీ లేదు. ఇప్పుడు ఒక్కసారి ఆలోచించు: మొదటి వారం నుంచీ స్కాన్‌ఎఫ్‌లో వేరియబుల్ ముందు & గుర్తు పెడుతూనే ఉన్నావు. ఎందుకు పెట్టాలో ఎవరైనా చెప్పారా? ప్రింట్‌ఎఫ్‌కి అక్కర్లేనిది స్కాన్‌ఎఫ్‌కి ఎందుకు కావాలి? కీబోర్డు మీద కొట్టిన సంఖ్యని నీ వేరియబుల్‌లోకి తెచ్చి వెయ్యాలంటే దానికి అడ్రసు కావాలి, అందుకు. నాలుగో యూనిట్ సంగతి మొదటి యూనిట్ నుంచీ నీ చేతి కిందే ఉంది.

దీన్ని కాగితం మీద బొమ్మ వేసి ఎదుటివాళ్లకి చెప్పగలిగితే సీ వచ్చినట్టు. చెప్పలేకపోతే గ్రేడు ఎంతైనా ఇంకా రాలేదు. సెకండ్ సెమ్‌లో డేటా స్ట్రక్చర్స్ క్లాసులో లింక్డ్ లిస్ట్ అనగానే ఒక స్ట్రక్చర్, దాని లోపల తర్వాతి స్ట్రక్చర్‌ని చూపించే పాయింటర్ వస్తాయి. అలాంటి ఒక్కోదాన్నీ నోడ్ అంటారు. పాయింటర్ తెలియనివాళ్లు అక్కడి నుంచి ప్రోగ్రాంలు బట్టీ పడతారు. ల్యాబ్ రికార్డులో ఎర్ర సంతకం పడుతుంది. ఎక్స్‌టర్నల్‌కి వచ్చిన సారు వైవాలో "ఇదే ప్రోగ్రాంలో చివరి నోడ్ తీసెయ్యి చూద్దాం" అంటారు. చేతులు కీబోర్డు మీదే ఉంటాయి గానీ కదలవు. ఏటా చూస్తున్నాను.

ఇప్పుడు మ్యాథ్స్. ఇంటర్లో మార్కులు వచ్చి ఇక్కడ పోవడం వింతేం కాదు, ఫస్ట్ సెమ్‌లో పోయేవాళ్లలో ఎక్కువమంది ఇంటర్లో బాగా తెచ్చుకున్నవాళ్లే. ఇంటర్లో ఏ చాప్టర్ నుంచి ఏ లాంగ్ క్వశ్చన్ వస్తుందో ముందే తెలుసు. స్టడీ అవర్‌లో కూర్చోబెట్టే మనిషి ఉన్నాడు, వారానికో టెస్టు ఉంది. ఇక్కడ అవేవీ లేవు. లెక్కలు చెయ్యడం వచ్చు గానీ, ఎప్పుడు కూర్చోవాలో నిన్ను నువ్వే చెప్పుకోవాల్సిన పరిస్థితి మొదటిసారి వచ్చింది. లెక్కల కంటే ఆ అలవాటే పోయిందని నా అనుమానం.

పేపర్లో నువ్వు ఎక్కడ పోగొట్టుకున్నావో రాయలేదు. మొదటి రెండు యూనిట్లలో అయితే పర్వాలేదు, అవి పట్టుబడతాయి. ఐగెన్ విలువల లెక్కలో పిల్లలు పోగొట్టుకునేది ఎక్కువగా కూడికల్లో, గుర్తుల్లో. జవాబు సరిచూసుకోవడానికి మంచి చిట్కా ఒకటుంది. మ్యాట్రిక్స్ మొదటి వరస 2, 1, రెండో వరస 1, 2 అనుకో. ఐగెన్ విలువలు 3, 1 వస్తాయి. వాటి మొత్తం 4, అంటే వికర్ణంలోని 2, 2 మొత్తం. వాటి లబ్ధం 3, అంటే డిటర్మినెంట్. ఏ మ్యాట్రిక్స్‌కైనా ఈ రెండూ సరిపోవాలి, సరిపోలేదంటే లెక్క తప్పు. పరీక్షలో అర నిమిషం పట్టే పని, ఎంతమందికి చెప్పినా ఒకరిద్దరే చేస్తారు. ఐగెన్ వెక్టర్ ఎందుకు అంటావా, ఆ మ్యాట్రిక్స్‌తో గుణిస్తే (1, 1) అనే వెక్టర్ (3, 3) అవుతుంది. పొడవు మూడింతలైంది, దిక్కు మారలేదు. ఆ వెక్టర్ ఐగెన్ వెక్టర్, ఆ మూడు దాని ఐగెన్ విలువ. వెబ్ పేజీల్లో ఏది ముందు చూపించాలో తేల్చడానికి గూగుల్ మొదట్లో వాడిన పేజ్‌ర్యాంక్, 1998 నాటిది, ఒక పెద్ద మ్యాట్రిక్స్‌కి ఇలాంటి వెక్టర్ కనుక్కునే పద్ధతే. కోడింగ్ తప్ప అన్నీ దండగ అన్న సీనియర్‌కి ఈ ముక్క చెప్పు.

మూడో యూనిట్‌లో మీన్ వాల్యూ థీరమ్‌లు నిర్వచనాలుగా బట్టీ పట్టి ఉంటావు. ఆర్టీసీ బస్సు 60 కిలోమీటర్లు గంటన్నరలో వెళ్లిందంటే సగటు వేగం గంటకి 40. దారిలో ఆగినా, ఎక్కడో పరుగెత్తినా, ఏదో ఒక క్షణంలో స్పీడోమీటర్ ముల్లు కచ్చితంగా 40 మీద ఉండి తీరాలి. లగ్రాంజ్ థీరమ్ చెప్పేది ఇదే. ఈ యూనిట్ గురించి ఇంతకంటే చెప్పను, ఇది ఎవరికీ పెద్ద ఇబ్బంది పెట్టదు.

అసలు గండం ఐదో యూనిట్, మల్టిపుల్ ఇంటిగ్రల్స్. ఇందులో ఒక్క లెక్క చెబుతాను, రాసుకుని చెయ్యి. ఫంక్షన్, ఈ పవర్ వై స్క్వేర్ (ఇక్కడ 'ఈ' అంటే e, దాదాపు 2.718). లోపలి ఇంటిగ్రల్ వై మీద, ఎక్స్ నుంచి 1 దాకా. బయటిది ఎక్స్ మీద, 0 నుంచి 1 దాకా. ఉన్నది ఉన్నట్టు మొదలుపెడితే మొదటి మెట్టులోనే ఆగిపోతావు. ఈ పవర్ వై స్క్వేర్‌ని వై మీద ఇంటిగ్రేట్ చెయ్యడానికి మామూలు ఫార్ములా లేదు. ఇక్కడే చాలామంది పెన్ను కింద పెట్టేస్తారు. పెట్టకుండా బొమ్మ వెయ్యి. వై అనేది ఎక్స్‌కీ 1కీ మధ్య ఉండాలి, ఎక్స్ 0కీ 1కీ మధ్య. (0, 0), (0, 1), (1, 1) మూలలుగా ఒక త్రిభుజం వస్తుంది. ఇంతదాకా దాన్ని నిలువు గీతలతో కోశావు. ఇప్పుడు అడ్డ గీతలతో కోయి. ఒక్కో అడ్డ గీత మీద ఎక్స్ 0 నుంచి వై దాకా వెళ్తుంది, వై 0 నుంచి 1 దాకా. లోపలి ఇంటిగ్రల్ ఎక్స్ మీద కాబట్టి ఫంక్షన్‌కి వై గుణకంగా వచ్చి చేరుతుంది. వై ఇంటూ ఈ పవర్ వై స్క్వేర్‌ని నువ్వు ఇంటర్ సెకండియర్‌లోనే చెయ్యగలిగేదానివి. జవాబు (ఈ - 1)/2, దాదాపు 0.859.

ఈ లెక్కలో ఇంటిగ్రేషన్ కష్టం ఏమీ లేదు. కష్టమంతా త్రిభుజం బొమ్మ వెయ్యడంలో ఉంది, మన పిల్లలు వదిలేసేది దాన్నే. ఆల్ ఇన్ వన్ పుస్తకాల్లో బొమ్మ చిన్నగా, మూలకి వేసి ఉంటుంది, కొన్నిట్లో ఉండనే ఉండదు. మార్చిన లిమిట్లు మాత్రం పెద్ద అక్షరాల్లో ఉంటాయి. వాటిని బట్టీ పడితే మరో లెక్కకి పనికిరావు.

ఇంత సేపు ఎందుకు చెప్పానంటే, సెకండ్ సెమ్ మ్యాథ్స్ పేరు డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ అండ్ వెక్టర్ కాల్‌క్యులస్. చివర్లో గ్రీన్, స్టోక్స్, గాస్ థీరమ్‌లు వస్తాయి. గ్రీన్ థీరమ్‌లో లైన్ ఇంటిగ్రల్‌ని డబుల్ ఇంటిగ్రల్‌గా మారుస్తారు, గాస్ థీరమ్‌లో ట్రిపుల్ ఇంటిగ్రల్ కావాలి. అంటే సప్లీ, పోయిన సబ్జెక్టుకి మళ్లీ రాసే పరీక్ష, దాని కోసం నువ్వు చదివే ఐదో యూనిట్, ఈ సెమ్‌లో గట్టెక్కడానికి చదవాల్సిందీ ఒకటే. నాలుగో యూనిట్‌లోని పార్షియల్ డెరివేటివ్‌లు కూడా అంతే, అవి లేకుండా గ్రేడియంట్ రాయలేవు. పాత బాకీ, కొత్త చదువు అని రెండు పనులుగా చూసి టెన్షన్ పడకు.

కెమిస్ట్రీ దండగ అని మీ సీనియర్ అన్నాడు కదా, మీ ఉద్దానం పిల్ల ఆ మాట నమ్మడం నాకు కొంచెం బాధగా ఉంది. మీ ఐదో యూనిట్ ఇన్‌స్ట్రుమెంటల్ మెథడ్స్. బీర్-లాంబర్ట్ నియమం అని ఒక పేరా, ఒక ఫార్ములా చదివి వదిలేసి ఉంటావు. ద్రావణం ఎంత చిక్కగా ఉంటే అది అంత కాంతిని పీల్చుకుంటుంది, ఆ పీల్చుకోవడం గాఢతకి అనుపాతంలో ఉంటుంది. ల్యాబ్‌లో గాఢత తెలిసిన నాలుగైదు ద్రావణాలకి రీడింగ్ తీసి, గ్రాఫ్ మీద సరళరేఖ గీసి, తెలియని ద్రావణం గాఢత దాని మీద చదవడం, ఆ ప్రయోగం ఇదే. మీ కవిటి, కంచిలి, సోంపేట మండలాల్లో కిడ్నీ క్యాంపు పెట్టినప్పుడు రక్తం తీసుకుని క్రియాటినిన్, అంటే కిడ్నీలు వడకట్టి బయటికి పంపాల్సిన వ్యర్థం, ఎంతుందో చూస్తారు కదా, ఆ అంకె ఎక్కడి నుంచి వస్తుంది? పాత పద్ధతి, ఇప్పటికీ చాలా ల్యాబుల్లో ఉన్నది, 1886లో జాఫే చెప్పిన రియాక్షన్. క్షార ద్రావణంలో పిక్రిక్ యాసిడ్‌తో క్రియాటినిన్ కలిస్తే నారింజ ఎరుపు రంగు వస్తుంది. రంగు ఎంత చిక్కనైతే క్రియాటినిన్ అంత ఎక్కువ. మెషిన్ ఆ రంగులోంచి కాంతి పంపి, పీల్చుకున్నది కొలిచి, తెలిసిన గాఢతలతో పోల్చి రిపోర్టు మీద 1.1 అనో 4.6 అనో వేస్తుంది. ఆ గీతని మెషిన్‌లో గీసేది ఒక ప్రోగ్రాం. ఇన్ని పాయింట్లకి దగ్గరగా వెళ్లే సరళరేఖ కనుక్కోవడమే రేపు మెషిన్ లెర్నింగ్‌లో నీకు నేర్పే మొదటి పాఠం, లీనియర్ రిగ్రెషన్. ఉద్దానం కిడ్నీ జబ్బుకి అసలు కారణం ఇప్పటికీ తేలలేదు. తేల్చేవాళ్లకి డాక్టర్లతో పాటు ఈ అంకెలు చదవగలిగేవాళ్లు కూడా కావాలి.

బేసిక్ సివిల్ అండ్ మెకానికల్ గురించి నిజం చెప్పాలంటే సీఎస్‌ఈ వాళ్లకి దీని అవసరం తక్కువ. గట్టెక్కావు, చాలు. సర్వేయింగ్ పాఠం ఒక్కటి మాత్రం ఓసారి తిరగెయ్యి. భూముల రీసర్వేకి రోవర్ (ఉపగ్రహ సంకేతాలతో స్థానం కొలిచే పరికరం) పట్టుకుని తిరిగిన సర్వేయర్లని మీ ఊళ్లో చూసే ఉంటావు. ఇంట్లో పొలం కాగితాలు ఉంటే ఆ పాఠం ఉద్యోగానికి కాకపోయినా నాన్నగారికి పనికొస్తుంది. వర్క్‌షాప్, యోగా గురించి నేను చెప్పేదేం లేదు.

ఇంగ్లీషులో మంచి గ్రేడు అన్నావు. ల్యాబ్‌లో సెల్ఫ్ ఇంట్రడక్షన్ అప్పజెప్పి తెచ్చుకున్నదా, లేక నిజంగా వచ్చిందా అన్నది నీకే తెలియాలి. చూసుకోవడానికి దారి ఒకటి చెబుతాను. ప్రోగ్రాం కంపైల్ అవనప్పుడు వచ్చే ఎర్రర్ మెసేజ్ పూర్తిగా చదువుతున్నావా, లేక చూడగానే పక్కవాళ్లని పిలుస్తున్నావా? "రిటర్న్‌కి ముందు సెమికోలన్ ఉండాలి" అని అది ఇంగ్లీషులో సూటిగానే చెబుతుంది. చాలాసార్లు తప్పు అది చూపించిన లైనులో కాదు, దాని పై లైనులో ఉంటుంది. మెసేజ్ చదివేవాళ్లకి ఇది తొందరగానే తెలిసిపోతుంది. ఇంకో మాట. క్లాసులో మన యాసకి నవ్వేవాళ్లుంటే పట్టించుకోకు. జనం మాట్లాడే తెలుగుని బడిలోకి తేవాలని పోట్లాడిన గిడుగు మనవాడే, శ్రీముఖలింగం దగ్గర పుట్టాడు. యాస మార్చుకోవడం వేరు, ఇంగ్లీషు నేర్చుకోవడం వేరు. రెండోది చాలు.

పైథాన్ కోర్సు సంగతి. ఈ సెమ్‌లో వద్దంటాను. విజయనగరం నుంచి విశాఖ అరవై కిలోమీటర్లు, రాకపోకలతో రెండు రోజులూ పోతాయి. ఆ రెండు రోజులే నీకు సప్లీకి, పాయింటర్లకి దొరికే సమయం. పైథాన్ తేలికైన భాషే, సీలో ఫంక్షన్లు, అర్రేలు చేత్తో రాయగలిగినవాళ్లకి తొందరగానే వస్తుంది, అదీ ఉచితంగా. అవి రానివాళ్లకి ఎంత ఫీజు కట్టినా సర్టిఫికెట్ వస్తుంది. మీ సీనియర్ చెడు చెప్పాడనను, అతనికి ప్లేస్‌మెంట్ల భయం పట్టుకుని ఉంటుంది. నీకు ఇంకా మూడేళ్లకు పైగా ఉంది.

ఇప్పుడు చెయ్యాల్సినవి. రీవాల్యుయేషన్‌కి గడువు తక్కువ ఉంటుంది, ముందు అది చూడు. పాస్ మార్కుకి రెండు మూడు మార్కుల దూరంలో ఆగిందనిపిస్తే ఫీజు కట్టు. పేపర్ సరిగా రాయలేదని నీకే తెలిస్తే ఆ డబ్బు దాచుకో. సప్లీ నోటిఫికేషన్ కాలేజీ నోటీసు బోర్డులో, వెబ్‌సైట్‌లో వస్తుంది. హాస్టల్ గ్రూపులో ఎవరో పెడతారని కూర్చోకు. హాజరు 75 శాతానికి తగ్గనివ్వకు. ఇంటికెళ్లి రెండు రోజులు ఎక్కువ ఉండిపోయే అలవాటు దూరం ఊళ్ల పిల్లలకి సెకండ్ సెమ్‌లోనే మొదలవుతుంది. ఈ వారం నుంచి రోజూ సాయంత్రం ఒక డబుల్ ఇంటిగ్రల్, బొమ్మతో సహా, రూల్డ్ కాగితం మీద కాదు, తెల్లకాగితం మీద చెయ్యి. లిమిట్లు మార్చడంలో ఎక్కడైనా ఆగిపోతే ఆ లెక్క, నీ బొమ్మ రెండూ ఇక్కడే పెట్టు, చూసి చెబుతాను.